మొదటి నీళ్ళు చెరువుకు కావు

“నీళ్ళు తిప్పింది నువ్వేనా?”

“నేనే సాబూ.”

“చెరువుకు పోవాల్సిన నీళ్ళు?”

“ఔ. మడవ కొట్టి జమ్ము మడుగులోకి తోలినా.”

లాకప్ తలుపుకు ఆనుకుని నిలబడ్డ సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గోవిందరాజులు మీసం కింద నవ్వుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. నేను వచ్చింది ఈ ముసలాయన్ని కాపాడటానికి. ఆయనేమో అడగ్గానే అన్నీ ఒప్పుకుంటున్నాడు!

నా పేరు కాలేసాబ్. పదకొండేళ్ళు రైల్వే పోలీసులో చేసి, పై అధికారితో గొడవపడి బయటికొచ్చాను. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్ ఎదురుగా మేడమీద గదిలో ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాను. నిన్న రాత్రి గంగులమ్మ అనే ఆవిడ ఆ మెట్లెక్కి వచ్చింది. పెనుకొండకు నాలుగు మైళ్ళ దూరంలో, ధర్మవరం రోడ్డు మీదున్న తుంగకుంట ఆమె ఊరు. లాకప్‌లో ఉన్న ఉలిగప్ప ఆమె మొగుడు. ఆ ఊరి చెరువుకు నీరుగంటి, అంటే వాన నీళ్ళు చెరువుకు చేర్చి పొలాలకు పంచేవాడు. వయసు అరవై మూడు.

కేసు చూడటానికి చాలా తేలిక. మంగళవారం ఈ ఏడు మొదటి వాన పడింది. ఉలిగప్ప వంక గట్టుకు మడవ, అంటే గండి, కొట్టి వాగు నీళ్ళను చెరువుకు పోనివ్వకుండా జమ్ము గడ్డి పెరిగిన మడుగులోకి మళ్ళించాడు. వంక నీళ్ళు మడుగులోకి దిగే ముఖం దగ్గర తాగి పదకొండు గొర్రెలు చచ్చాయి. మడుగు పక్కనే చంద్రప్ప అనే ఆసామి పట్టుపురుగుల షెడ్డు ఉంది. అక్కడ షెడ్డు నిండా పురుగులు తెల్లారేసరికి చచ్చిపడ్డాయి. ఉలిగప్ప తనమీద పగబట్టి, నీళ్ళలో విషప్పొడి కలిపి తనవైపు తోలాడని చంద్రప్ప ఫిర్యాదు. నిన్న సాయంత్రం ఆరింటికి అరెస్టు. ఈరోజు ఆరులోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. నీళ్ళు అక్రమంగా మళ్ళించడం ఒక సెక్షన్, పశువుల్ని చంపడం ఇంకొక సెక్షన్. ఐదేళ్ళు ఎక్కడికీ పోవు.

“జైలుకు పోతే ఆయప్ప తిరిగి రాడు సాబూ,” అంది గంగులమ్మ నిన్న. అంతకుమించి ఏమీ అనలేదు. అదొక్కటే ఆమెకు కావాల్సింది.

“పొడి కలిపినావా?” అని అడిగాను.

ఉలిగప్ప మొహం ఎర్రబడింది. “ఏం మాటలు సాబూ అవి? నీళ్ళలో ఎవురన్నా మందు కలుపుతారా?”

“మరి నీళ్ళు ఎందుకు తిప్పినావు?”

ఆయన నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. “మొదటి నీళ్ళు గదా.”

“అయితే?”

“మొదటి నీళ్ళు చెరువుకు కావు. ఆ మాత్రం తెల్దా మీకు?”

గోవిందరాజులు బూటుతో నేలమీద తట్టాడు. “పది నిమిషాలు అయిపోయాయి కాలేసాబ్. వింటున్నావుగా? తిప్పానని తనే చెబుతున్నాడు. ఇంకా నీ గూఢచర్యం దేనికి?”

“ఫిర్యాదులో టైమెంత రాశారు?”

“నాలుగున్నర. చంద్రప్ప కళ్ళారా చూశాడు. నీళ్ళు పారుతుంటే ఇతను సంచిలోంచి పొడి పోశాడు, తర్వాత మడవ కొట్టాడు.”

నేను జేబులోంచి సిగరెట్ పెట్టె అట్టముక్క తీశాను. పొద్దున ప్యాసింజరు దిగగానే పెనుకొండ స్టేషన్లో పాత పరిచయం మీద పెట్రోల్‌మన్ పుస్తకం చూసి రాసుకున్నాను. వాన పడితే రైలు పట్టాల వెంట నడిచి, కింద నీళ్ళు పోయే మోరీలు, కట్టలు చూసే మనిషికి ఒక పుస్తకం ఉంటుంది. కళ్ళతో చూసింది, చూసిన టైము, అందులో రాయాల్సిందే.

“జూన్ ఇరవై ఎనిమిది, మంగళవారం. వాన మొదలైంది నాలుగూ పదిహేనుకి. తుంగకుంట మోరీ కిందికి నీళ్ళు వచ్చింది ఐదూ ఐదుకి. మోరీ నుంచి మడవ దగ్గరికి ఇంకో ఐదు నిమిషాలు. అంటే నాలుగున్నరకి ఆ వంకలో తడి ఇసుక తప్ప చుక్క నీరు లేదు. లేని నీళ్ళలో పొడి ఎట్లా పోశాడయ్యా?”

గోవిందరాజులు నవ్వు ఆగింది. ఒక్క క్షణమే. “చంద్రప్పకు గడియారం లేకపోవచ్చు. అరగంట అటూ ఇటూ అవుతుంది. ఆరింటికి కోర్టు. అంతలో నువ్వు ఏం తెచ్చినా చూస్తాను. తేకపోతే మాత్రం మళ్ళీ నా స్టేషన్ మెట్లెక్కకు.”

నేను లేస్తుంటే ఉలిగప్ప ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టి నా చొక్కా పట్టుకున్నాడు.

“సాబూ, మేఘం కట్టిందా?”

కిటికీలోంచి చూశాను. పడమటి కొండమీద చిన్న నల్లమబ్బు. “కొంచెం.”

“ఈ తూరి కూడా తిప్పాల,” అన్నాడు. తన సంగతి ఒక్క ముక్క అడగలేదు.

* * *

తుంగకుంటలో గంగులమ్మ ఇల్లు ఒకటే గది. నేను అడిగింది కూడా ఒకటే. మొదటి నీళ్ళు చెరువుకు కావు అంటే ఏమిటి?

“మా మామ చెప్పింది. మామకు వాళ్ళ నాయన చెప్పినాడంట. ఎండాకాలమంతా వంకలో ఏమేం పడింటాయో ఎవురికి ఎరుక? పేడ, పీనుగలు, కుళ్ళు. మొదటి వానకు అంతా కడుక్కోని వస్తాది. ఆ నీళ్ళు చెరువులో పడితే ఆరూళ్ళు తాగాల గదా. అందుకే జమ్ములోకి తోలి, తేటపడినాక చెరువుకు కడతాం.”

“తేటపడిందని ఎట్లా తెలుస్తుంది?”

ఆమె అటకమీద నుంచి బారెడు వెదురు గొట్టం దించింది. మూతి గుడ్డ విప్పి గొట్టాన్ని చాపమీద వొంచింది. లోపల్నుంచి పేలికలు జారిపడ్డాయి. తెల్ల పంచె అంచు చింపిన, జానెడు పొడవు గుడ్డముక్కలు. ఒకటి కాదు, రెండు కాదు.

“ఏటికొకటి,” అంది. “కట్టెకు కట్టి నీళ్ళలో ముంచుతాడు. మరక పడితే ఒక ముడి ఏస్తాడు. ఒక వక్కాకు నమిలేంత సేపు ఆగి మళ్ళా ముంచుతాడు. కొత్త మరక పడకుండా గుడ్డ ఎట్లుండేది అట్లనే వస్తే, అప్పుడు మడవ కట్టేసి చెరువుకు ఇడుస్తాడు.”

నేను ఒక్కొక్కటే తీసి వరసగా పరిచాను. అరవై ఒకటి లెక్కకొచ్చాయి. అడుగున ఉన్నవి ముట్టుకుంటే పొడి అవుతాయేమో అన్నంత పాతవి, ఆయన తండ్రి కాలంనాటివి. ఎర్రమట్టి మరకలు, నల్లమట్టి మరకలు, ఒక ఏడాది బూడిద. దాదాపు అన్నిటికీ రెండో మూడో ముళ్ళు. చదువు రాని ఇద్దరు మనుషులు అరవై ఒక్క ఏళ్ళ వానల్ని గుడ్డమీద రాసి పెట్టారు. నేను ఎన్నో ఆఫీసుల్లో ఎన్నో రికార్డులు తిరగేసినవాణ్ణి. ఇంత నిజాయితీగా ఉన్న రికార్డు నేను చూడలేదు. నిజం చెప్పొద్దూ, చెప్పులు వాకిట్లో విడిచి వచ్చినందుకు సంతోషించాను.

చివరి మూడింటి దగ్గర చెయ్యి ఆగింది. రెండు పేలికలు తెల్లగా ఉన్నాయి. ముడి లేదు, మరక లేదు.

“ఇవి?”

“ఎనభై ఒకటి, ఎనభై రెండు. వానల్లేవు. వంక పారలే. అయినా ఏటి గుడ్డ ఏటికి పెట్టాలంటాడు.”

“వీటికి ముందుది?”

“అది ఎనభై. మూడు ముళ్ళు. మట్టి.”

ఆఖరిది ఈ మంగళవారంది. పండిన కమలా తొక్క రంగు. మరక ఆరిపోయినా కింద అంచున గుడ్డ నూలు కొరికేసినట్టు చివికింది. ముళ్ళు తొమ్మిది.

“తొమ్మిది తూర్లు ముంచినాడు సాబూ. ఊర్లో వాళ్ళంతా కట్టమీదకు వచ్చి తిట్టినారు. రెండేండ్లకు వచ్చిన నీళ్ళను గడ్డిలోకి తోలేస్తాండావని మన్ను కూడా ఇసిరినారు. తల ఎత్తకుండా ముంచతానే ఉన్న్యాడు.”

ఆరోజు ఆ మనిషి మూడు ముళ్ళతో సరిపెట్టుకుని ఉంటే? తిట్లకు భయపడి ఐదోసారికే మడవ కట్టేసి ఉంటే? గొర్రెల్ని చంపిన నీళ్ళు ఆరు ఊళ్ళ బిందెల్లోకి చేరేవి. పోలీసులు ఆయన్ని “నీళ్ళు తిప్పావా” అని అడిగారు. తన పని తను చేశానని ఆయన “ఔ” అన్నాడు. ఆ “ఔ” కింద వేలిముద్ర వేయించి నేరం ఒప్పుకున్నాడని రాసుకున్నారు!

ఇంకో సంగతి కూడా ఆ గుడ్డలే చెప్పాయి. ఎనభైలో నీళ్ళు మంచివి. ఎనభై మూడులో విషం. మధ్యలో వంక పారని రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో ఎవరో ఎండిన వంకలో ఏదో పెట్టారు.

“చంద్రప్ప షెడ్డు ఎప్పుడు కట్టినాడమ్మా?”

“రెండేండ్లాయె. అంతకుముందు ధర్మవరంలో చీరల నూలుకు రంగులేసే బట్టీ ఉండె ఆయప్పకు. అది మూసేసి ఈడికొచ్చినాడు.”

* * *

చంద్రప్ప నన్ను షెడ్డు బయటే నిలబెట్టాడు. నలభై ఐదేళ్ళ మనిషి, తెల్ల బట్టలు, కుడిచేతికి తువ్వాలు చుట్టుకున్నాడు.

“ఏమప్పా, పోలీసోళ్ళు చూసిపోయినాక మళ్ళా నువ్వెందుకు?”

“మీకు న్యాయం చేద్దామనే. పురుగులు ఎట్లా చచ్చాయి? అవి నీళ్ళు తాగవు కదా.”

“ఆకు వాడిపోకుండా తడి గోనె కప్పుతాం. మా ఆడమనిషి ఆ గోనెల్ని మడుగు నీళ్ళలో ముంచింది. ఆకు తిన్న పురుగు తిన్నట్లే పోయింది.”

“మడుగులో ఎక్కడ ముంచింది?”

“ముఖం దగ్గర.”

“ఆ నీళ్ళలో విషం ఉందని మీకు ఎప్పుడు తెలిసింది?”

“పురుగులు చచ్చినాక. బుధారం తెల్లార్తో.”

“మరి మంగళవారం నాలుగున్నరకే ఉలిగప్ప పొడి పోయడం చూశారట. చూసి కూడా మీ ఆడమనిషిని ఆ నీళ్ళు ముట్టుకోవద్దని చెప్పలేదా?”

చంద్రప్ప చెమట తుడుచుకోవడానికి తువ్వాలు విప్పాడు. అలవాటు కొద్దీ విప్పాడు, పాపం. వేళ్ళ కణుపులమీద గుండ్రని గుంటలు, సూది మొనతో తవ్వినట్టు లోతుగా, అంచులు గట్టిపడి, నడుమ ఇంకా పచ్చిగా ఉన్నాయి.

“చేతికి ఏమైంది?”

“గోరుచుట్టు.”

“ఐదు వేళ్ళకూనా? నొప్పిగా ఉందా?”

“లేదు.”

నొప్పి ఉండదని నాకు తెలుసు. చాలా ఏళ్ళ కిందట తోళ్ళ షెడ్డు కేసులో ఇలాంటి చేతులు చూశాను. తోలు పదును చేయడానికీ, కొందరు నూలుకు రంగు గట్టిగా పట్టించడానికీ వాడే కమలా రంగు ఉప్పు ఒకటుంది. బైక్రోమేట్ అంటారు. రోజూ ముట్టుకునేవాడి చేతికి ఇలా గుంటలు తవ్వుతుంది. రెండేళ్ళ కిందటే బట్టీ మూసేసిన వాడికి పచ్చి గుంటలు ఉండకూడదు. ఈ మనిషి ఆ ఉప్పును ఈ మధ్యనే, బహుశా నిన్నో మొన్నో, చేతులతో కెలికాడు.

“మంచిది చంద్రప్పా. కోర్టులో కలుద్దాం,” అన్నాను. నేను ఏ దారిన పోతానో చూడటానికి గట్టు దాకా వచ్చి నిలబడ్డాడు.

* * *

గంగులమ్మ నన్ను మడుగు అంచు వెంటే తీసుకుపోయింది. మోకాలు నొప్పితో గొణుగుతూ నడిచాను. కొన్ని అడుగులు వేశాక గొణగడం మానేశాను.

మడుగు ముఖం దగ్గర మనిషెత్తు జమ్ము నిలువునా మాడిపోయింది. నీళ్ళు కమలా రంగు. ఇరవై అడుగులు పోతే పసుపు. యాభై అడుగుల్లో ఆకుపచ్చగా, మబ్బుగా. మధ్యలో మోకాలెత్తు మట్టి అడ్డుకట్టలు మూడు, నీళ్ళు పరుగెత్తకుండా నెమ్మదిగా ఒకదాని మీద నుంచి ఒకటి దాటేలా కట్టి ఉన్నాయి. రెండు వందల అడుగులకు నేను ఆగిపోయాను. నీళ్ళు అడుగున గులకరాళ్ళు కనపడేంత తేటగా ఉన్నాయి. కప్పపిల్లలు తోకలాడిస్తున్నాయి.

నేను నమ్మలేదు. వంగి వాసన చూశాను. జేబురుమాలు ముంచి ఎండకు పట్టి చూశాను. మరక లేదు. పదకొండు గొర్రెల్ని చంపిన నీళ్ళను ఈ గడ్డీ, ఈ బురదా రెండు రోజుల్లో కడిగేశాయి. చదువుకున్న మేమంతా కలిసి చేయలేని పని!

“అడ్డుకట్టలు ఆయప్పే కట్టినాడు,” అంది గంగులమ్మ. “నీళ్ళు నిలబడితేనే జమ్ము పట్టుకుంటాదంట. పరిగెత్తితే పట్టుకోలేదంట. ఈడ తేటపడకుంటే చిత్రావతికి పోతాది, ఆడినుంచి ధర్మవరం. కింద వాళ్ళూ మనుషులే గదా అంటాడు.”

చిత్రావతి పెన్నలో కలుస్తుంది, పెన్న నెల్లూరు అవతల సముద్రంలో. ఆ మొగ దగ్గర ఉప్పునీళ్ళూ మంచినీళ్ళూ కలిసేచోట చేపపిల్లలు పెరుగుతాయని విన్నాను. పెనుకొండ దాటి ఎరగని మనిషి అంతదూరం వాళ్ళకు కూడా కాపలా కాస్తున్నాడు. ఆయన ఇప్పుడు లాకప్‌లో ఉన్నాడు.

రైలు కట్ట కింది మోరీ చేరేసరికి రెండూ నలభై. పెట్రోల్‌మన్ పుస్తకంలో టైము పక్కన ఇంకో ముక్క కూడా ఉంది, ‘ఎర్ర నీళ్ళు’ అని. కొత్తనీరు ఎర్రగానే ఉంటుందని పొద్దున నేనూ పట్టించుకోలేదు. మోరీ మడవకు ఎగువన ఉంది. ఇక్కడికే ఎర్రగా వచ్చిన నీళ్ళలో మడవ దగ్గర ఎవరూ ఏమీ కలపక్కర్లేదు.

మోరీకి నాలుగు కళ్ళు, నీళ్ళు దూరే తూములు. మూడు తెరిచి ఉన్నాయి. నాలుగో కంటికి రాళ్ళు అడ్డం పేర్చారు. పైవరస తీశాను. లోపల విరిగిన వెదురు తట్టలు, చుట్టలు చుట్టలుగా అల్లినవి. పట్టుపురుగులు గూళ్ళు కట్టుకోవడానికి పరిచే చంద్రికలు. అవి పట్టు పెంచేవాడి ఇంట్లో తప్ప ఉండవు. వాటి కింద డ్రమ్ములు. పన్నెండు లెక్కపెట్టాను. మోరీ నేల తేమకు అడుగులు తుప్పుపట్టి ఊడిపోయాయి. ఒక దాన్ని కర్రతో తట్టాను, పక్క మొత్తం కూలి కమలా రంగు ఉప్పు ఇసుకలోకి జారింది. ఇసుక తవ్వి చూశాను. మోచెయ్యి లోతున కూడా అదే రంగు.

“చెయ్యి తియ్యి సాబూ!” అని అరిచింది గంగులమ్మ.

అదే క్షణంలో కట్టమీద జీపు ఆగింది. గోవిందరాజులు, వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు.

“చంద్రప్ప కబురు పంపాడు,” అన్నాడు దిగుతూనే. “నువ్వు సాక్ష్యాలు తారుమారు చేస్తున్నావట. లే అక్కణ్ణుంచి.”

“రా, నువ్వే వచ్చి చూడు. ఇవి నా జేబులో పట్టేవి కావు.”

“నువ్వే పెట్టించి ఉండొచ్చు.”

“పన్నెండు డ్రమ్ములు, ఒక్క మధ్యాహ్నంలో, ఈ మోకాలితో? తుప్పు కూడా నేనే పట్టించానా? ఈ చంద్రికలు ఎవరింటివి? చంద్రప్ప కణుపులమీద గుంటలు చూశావా? నిన్ననో మొన్ననో వచ్చి ఈ రాళ్ళు సర్దింది అతనే. బట్టీ మూసేసినప్పుడు మిగిలిన ఉప్పును పారని వంక అనుకుని ఇక్కడ దాచాడు. వాన వచ్చింది. తన విషానికే తన పురుగులు చచ్చాయి. ఎగువకు వచ్చి ఎవరూ చూడకముందే కింద ఒక దొంగను చూపించాడు. నువ్వు పట్టుకున్నావు.”

గోవిందరాజులుకూ నాకూ పడదు, నిజమే. కానీ వాడు మూర్ఖుడు కాదు. కిందికి దిగాడు, వంగి తవ్విన గుంటలోకి చూశాడు, చంద్రిక ముక్క ఒకటి కర్రతో తిరగేశాడు.

“డ్రమ్ములు బయటికి తీయిద్దాం,” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

“ముట్టుకుంటే కూలుతున్నాయి. ఇసుకంతా నానిపోయింది. ఇది రెండు రోజుల పని.”

పడమట ఉరిమింది. అందరం ఒకేసారి తలెత్తాం. కొండ కనపడలేదు. దాని ముందు తెల్లగా తెర దిగింది. గడియారం చూశాను. మూడూ ఐదు. మంగళవారం పడినదానికి ఇది రెండింతలు.

“యాభై నిమిషాలు,” అన్నాను. “తర్వాత ఇదంతా కడుక్కుని చెరువులోకి పోతుంది.”

“నీళ్ళు తిప్పడమే కదా. నా వాళ్ళు పారలు పట్టలేరా?”

గంగులమ్మ మొదటిసారి ఇన్‌స్పెక్టరు మొహంలోకి చూసింది. “యాడ కట్టాల, ఎంతెత్తు కట్టాల, మడుగు తెగకుండా నీళ్ళు యాడ నిలబెట్టాల, తెల్సా సార్ మీ వాళ్ళకు? మడుగు తెగితే అంతా చిత్రావతిలో పడతాది. నా మొగుణ్ణి తీసకరాండి.”

గోవిందరాజులు ఇంకోసారి కొండవైపు చూశాడు. తర్వాత జీపు వైపు పరుగెత్తాడు.

* * *

జీపు మూడూ ముప్పై ఎనిమిదికి తిరిగొచ్చింది. ఉలిగప్ప సంకెళ్ళతోనే దూకాడు. మడవ దగ్గరికి వచ్చి ఇసుకలో అరికాలు ఆనించి ఒక్క నిమిషం కళ్ళు మూసుకున్నాడు.

“శానా వస్తాది,” అన్నాడు. “ఈరోజు చెరువుకు ఒక్క చుక్క కూడా వద్దు. మొదటివీ వద్దు, చివరివీ వద్దు. అంతా మడుగులోకే. మడుగు పట్టకుంటే గట్టు కొట్టి చంద్రప్ప రేషం పురుగుల ఆకు తోటలోకి పొర్లించాల. అది పల్లం, ఆడ నిలబడతాది. చిత్రావతికి పోకూడదు.”

గంగులమ్మ కళ్ళు మూసుకుంది. చెరువులో మంగళవారం నీళ్ళు మోకాలెత్తు కూడా లేవు. రెండేళ్ళుగా ఎండిన ఆరూళ్ళ కళ్ళముందు, నిండుగా వచ్చే వంకను మొత్తానికి మొత్తం తోలేయమంటున్నాడు, బతుకంతా ఒక్కొక్క చుక్కనూ చెరువుకు చేర్చినవాడు.

గోవిందరాజులు తాళంచెవి తీశాడు, కానీ వెంటనే సంకెళ్ళు విప్పలేదు. “ఉలిగప్పా, బాగా విను. నువ్వు ఇప్పుడు నీళ్ళు తిప్పితే, నేను రాసిన సెక్షనే నీమీద నిలబడుతుంది. రేపు కోర్టు నన్ను అడిగితే నా కళ్ళతో చూశానని చెప్పాలి. నేను అబద్ధం చెప్పను.”

“చెప్పండి సార్. ముందు ఇది ఇప్పండి, పార పట్టుకోలేకున్నా.”

సంకెళ్ళు ఊడాయి. ఉలిగప్ప చూపించినచోట కానిస్టేబుళ్ళు మట్టి పోశారు, గంగులమ్మ తొక్కింది, నేను రాళ్ళు మోశాను. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి పక్కన పెట్టి పచ్చిక పెళ్ళలు కోశాడు. పదిహేను నిమిషాల్లో మడవ మళ్ళీ తెరుచుకుంది, చెరువు దారికి అడ్డంగా నడుము ఎత్తు కట్ట లేచింది. ఏ పెళ్ళ మీద ఏ రాయి పెట్టాలో ఉలిగప్ప చూడకుండానే చేత్తో తడిమి చెబుతున్నాడు. నేను ఆయన చేతుల్ని చూస్తూ నిలబడిపోతే, “రాయి సాబూ, రాయి!” అని కసిరాడు.

అప్పుడు వినిపించింది కేకలు. వంక వస్తుందని చూడటానికి ఆరూళ్ళ జనం చెరువుకట్ట ఎక్కారు. రెండు వందల మందికి తక్కువ లేరు. అందరి ముందూ తెల్ల బట్టల్లో చంద్రప్ప.

“మళ్ళా మన నీళ్ళు తోలేస్తాండాడు! పోలీసోళ్ళే దగ్గరుండి తోలిస్తాండారు! ఏం చూస్తాండార్రా, ఆ అడ్డం కొట్టేయండి!”

జనం కట్ట దిగారు. కొందరి చేతుల్లో పారలు, ఎక్కువమంది చేతుల్లో రాళ్ళు. గోవిందరాజులు రెండు చేతులూ చాపి ఎదురెళ్ళాడు. “ఆగండి! ఆ నీళ్ళలో విషం ఉంది!” అని అరిచాడు. ఎవరూ నమ్మలేదు. నమ్మడానికి వాళ్ళ దగ్గర తీరికా లేదు, తాగడానికి నీళ్ళూ లేవు. మొదటి రాయి ఇన్‌స్పెక్టరు నుదుటికి తగిలింది.

రెండోది ఉలిగప్ప భుజానికి తగిలింది. ఆయన వెనక్కి తిరగలేదు. ఇంకో పచ్చికపెళ్ళ తీసి సందులో కూరి అరచేత్తో అదిమాడు.

“సాబూ,” అన్నాడు నాతో, ఊపిరి ఆడకుండా. “నన్ను కొడితే కొట్టనీ. ఈ కట్టమీద మాత్రం ఎవురినీ కాలు పెట్టనీకు.”

ఎగువన మోరీ కంట్లోంచి నీళ్ళు బయటికి దూకాయి. మట్టి రంగు కాదు, కమలా రంగు. నా వెనక రెండు వందల మంది పరుగెత్తి వస్తున్నారు. నేను మోకాలిని తిట్టుకుంటూ ఆ పచ్చి కట్టకు ఆనుకుని, ఉలిగప్పకూ జనానికీ మధ్య అడ్డంగా కూర్చున్నాను. గంగులమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది.